పాత రైడింగ్ మోవర్ రిపేరు డైరీ: సెల్ఫ్ అర చుట్టుకే ఆగిపోతుంటే

బండి, దాని పని

కనగల్ దగ్గర మా బత్తాయి తోట కోసం తెచ్చిన సెకండ్ హ్యాండ్ రైడింగ్ లాన్ మోవర్ ఇది. ఇంతకుముందు హైదరాబాద్ శివారులో ఒక ఫామ్‌హౌస్‌లో ఉండేది. ఒంటి సిలిండర్, గాలితో చల్లబడే 17.5 హెచ్‌పీ ఓహెచ్‌వీ (వాల్వులు పైన హెడ్‌లో ఉండే) పెట్రోలు ఇంజను. కింద 42 అంగుళాల డెక్ (బ్లేడ్లను కప్పి ఉండే రేకు గుల్ల), అందులో రెండు బ్లేడ్లు.

తోటలో దీనికి ఉన్న పని చిన్నదే కానీ అవసరమైంది. బత్తాయికి నీళ్లు, ఎరువు తీసుకునే పీచువేర్లు ఎక్కువగా పై రెండడుగుల మట్టిలోనే ఉంటాయి. గడ్డి పోవాలని ప్రతిసారీ రోటవేటర్ వేస్తే ఆ వేర్లే తెగుతాయి. పైగా కొమ్మలు కిందికి వాలిన తోటలో ట్రాక్టర్ దూరదు. గడ్డిని కోసి అక్కడే పడేస్తే నేల మీద కప్పులా ఉంటుంది, ఎర్ర చెలకలో తడి త్వరగా ఆరదు. మొదళ్లకు మాత్రం ఆ గడ్డి ఆనకూడదు, బంక తెగులుకు దారి ఇచ్చినట్టవుతుంది.

మన దిక్కు ఈ బండికి మెకానిక్ దొరకడం కష్టం. బైక్ మెకానిక్‌కు టాపెట్లు (వాల్వుల గ్యాప్ సరిచేయడం) తెలుసు, డెక్ తెలియదు. మోటర్లు చుట్టేవాళ్లకు బేరింగులు తెలుసు, కార్బరేటర్ తెలియదు. అందుకే కొలతలు, సైజులు, ఖర్చు అన్నీ ఇక్కడ రాస్తున్నాను. లెక్కలో బండి కొన్న ధర కలపలేదు, రిపేరు ఖర్చు మాత్రమే.

దశ 1: సెల్ఫ్, బ్యాటరీ, ఎర్త్

జబ్బు: తాళం తిప్పితే ఇంజను అర చుట్టు తిరిగి టక్కున ఆగుతుంది. వదిలి మళ్లీ తిప్పితే ఒక్కోసారి ముందుకు పోతుంది, ఒక్కోసారి పోదు. అమ్మినాయన ఈ జబ్బుకే కొత్త బ్యాటరీ వేయించాడు, సెల్ఫ్ మోటరు కూడా మార్పించాడు. రెండూ మారినా జబ్బు పోలేదు. అంటే దాని మూలం ఆ రెండింటిలో లేదు. ఇక విప్పడం కన్నా కొలవడమే ముందు.

మా తమ్ముడు తాళం తిప్పుతుంటే నేను మల్టీమీటర్ పట్టుకున్నాను. ఇంజను అందుకోకుండా ప్లగ్ వైరు పీకి బాడీకి ఎర్త్ చేసి ఉంచాం.

1. బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు: 12.6 వోల్టులు. ఫుల్ చార్జ్.
2. సెల్ఫ్ ఆగిపోయిన క్షణంలో బ్యాటరీ మీద: 9.0 వోల్టులు.
3. బ్యాటరీ ప్లస్ నుంచి సెల్ఫ్ మోటరు బోల్టు దాకా, తాళం తిప్పి ఉన్నప్పుడు: 0.3 వోల్టులు. పర్లేదు.
4. బ్యాటరీ మైనస్ నుంచి ఇంజను బ్లాక్ దాకా, తాళం తిప్పి ఉన్నప్పుడు: 1.1 వోల్టులు. ఇది తప్పు.

నాలుగో కొలతే ముఖ్యం. ఎర్త్ కేబుల్‌లో ఒక వోల్టు పైగా పోతుందంటే కేబులో, దాని బోల్టో పాడైనట్టే. 0.5 దాటితే వదిలిపెట్టకూడదు. ఎర్త్ బోల్టు ఛాసిస్ పెయింటు మీద కూర్చుని ఉంది, కింద తుప్పు. అక్కడ పెయింటు గీకి, 16 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్‌కు కొత్త లగ్గులు నొక్కించి, ఛాసిస్‌కు కాకుండా నేరుగా ఇంజను బ్లాక్ బోల్టుకే వేశాను. మళ్లీ కొలిస్తే 0.2 వోల్టులు.

సెల్ఫ్ జోరు పెరిగింది. అయినా అదే చోట ఆగుతోంది.

ఇంకో పరీక్ష: ప్లగ్ పూర్తిగా విప్పేసి తాళం తిప్పితే ఇంజను గిర్రున తిరిగింది, బ్యాటరీ 11.2 దగ్గర నిలిచింది. కాబట్టి మోటరుకు బలం ఉంది, లోపల ఏదీ పట్టేయలేదు. కంప్రెషన్ వచ్చిన చోటే, అంటే పిస్టన్ పైకి వచ్చి గాలిని నొక్కే చోటే, ఆగుతోంది. ఆ దారి పట్టుకునే దశ 2 లోకి వెళ్లాను.

దానికి ముందు ఈ దశలోనే రెండు ప్రమాదాలు కనిపించాయి, వాటిని వాయిదా వేయలేదు.

మొదటిది బ్యాటరీ ఎత్తు. ఈ బండ్లకు వచ్చే అసలు బ్యాటరీ ఎత్తు సుమారు 185 మిల్లీమీటర్లు. దాని బదులు వేసింది చిన్న కార్లకు వాడే 35 ఆంపియర్ అవర్‌ది. పొడవు 197, వెడల్పు 129, ట్రేలో చక్కగా కూర్చుంటుంది. కానీ టెర్మినల్స్‌తో కలిపి ఎత్తు 227. మనిషి సీటు మీద కూర్చోగానే సీటు కింది రేకు ప్లస్ టెర్మినల్‌కు ఆనుతోంది. రేకు మీద కాలిన మచ్చలు కూడా ఉన్నాయి. పెట్రోలు ట్యాంకు ఉన్న బండిలో ఇది ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. ట్రేను వెల్డింగ్ షాపులో 40 మిల్లీమీటర్లు కిందికి దింపించి, టెర్మినల్స్‌కు రబ్బరు టోపీలు పెట్టాను.

రెండోది సీటు స్విచ్. మనిషి సీటు దిగితే ఇంజను ఆగాలి. ఎవరో ఆ స్విచ్ వైర్లు కలిపి టేపు చుట్టేశారు. నా దగ్గర ఇలాంటి బండి రిపేరుకు వస్తే మొట్టమొదట సరిచేసేది ఇదే. 42 అంగుళాల డెక్‌లో ఒక్కో బ్లేడ్ పొడవు 53 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే దాని కొస వేగం గంటకు 300 కిలోమీటర్లు. కొత్త స్విచ్ కొనే ముందు పాతదాన్ని మీటర్‌తో చూసుకోవాలి: కొన్ని నొక్కితే కలుస్తాయి, కొన్ని నొక్కితే విడిపోతాయి. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి.

కేబుల్, లగ్గులు 350. స్విచ్ 280. వెల్డింగ్ 400. టోపీలు 40.
ఇప్పటిదాకా: రూ. 1,070

దశ 2: టాపెట్లు (అసలు జబ్బు ఇక్కడే)

ఇంత పెద్ద సిలిండర్‌ను చిన్న సెల్ఫ్ మోటరు తిప్పగలగడానికి క్యామ్‌షాఫ్ట్ (వాల్వులను ఎత్తే ఇరుసు) మీద ఒక చిన్న ఏర్పాటు ఉంటుంది. స్టార్ట్ చేసేటప్పుడు, వేగం తక్కువగా ఉన్నప్పుడు, అది ఒక వాల్వును వెంట్రుకవాసి ఎత్తి కొంత కంప్రెషన్‌ను బయటికి వదిలేస్తుంది. ఇంజను అందుకున్నాక తనంతట తాను తప్పుకుంటుంది. ఆ ఎత్తడం చాలా కొంచెమే. టాపెట్ గ్యాప్ పెరిగితే ఆ కొంచెం కదలిక గ్యాప్‌లోనే కరిగిపోతుంది, వాల్వ్ దాకా చేరదు. అప్పుడు సెల్ఫ్ మోటరు మొత్తం కంప్రెషన్‌ను ఎదుర్కోవాలి. అక్కడ ఆగుతుంది. కొత్త బ్యాటరీ, కొత్త మోటరు వేసినా ఆగుతుంది.

చేసిన విధానం:

1. ఇంజను పూర్తిగా చల్లగా ఉండాలి. పొద్దున్నే మొదలుపెట్టాను. ఎండాకాలం మధ్యాహ్నం రేకుల షెడ్డులో ఇనుము చల్లగా ఉండదు.
2. బ్యాటరీ మైనస్ తీసేసి, ప్లగ్ విప్పాను.
3. వాల్వ్ కవర్ నాలుగు బోల్టులు తీసి, కవర్‌ను చెక్క సుత్తితో మెల్లగా తట్టి వదులు చేశాను. స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తితే కవర్ అంచు వంగుతుంది, తర్వాత ఆయిల్ కారుతూనే ఉంటుంది.
4. ప్లగ్ రంధ్రంలో ఒక ప్లాస్టిక్ స్ట్రా పెట్టి ఫ్లైవీల్‌ను చేత్తో తిప్పాను. రెండు వాల్వులూ మూసి ఉన్న స్ట్రోక్‌లో స్ట్రా అన్నిటికన్నా పైకి వచ్చిన చోటు పట్టుకోవాలి.
5. అక్కడి నుంచి పిస్టన్ ఇంకో 6 మిల్లీమీటర్లు కిందికి దిగేలా తిప్పాను. స్ట్రా మీద పెన్నుతో గీత పెడితే తెలుస్తుంది.
6. ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్నటి రేకులు) గ్యాప్ కొలిచాను.

ఐదో మెట్టు వదిలేస్తే పనంతా వృథా. సరిగ్గా పైన ఉన్నప్పుడు ఆ వదిలించే ఏర్పాటు వాల్వును కొద్దిగా ఎత్తి పట్టి ఉండొచ్చు, కొలత తప్పు వస్తుంది. బైకులకు టాపెట్ సెట్ చేసేవాళ్లు పిస్టన్ పైన ఉన్నప్పుడే కొలవడం అలవాటు కాబట్టి వాళ్ల చేతికి ఇస్తే ఈ 6 మిల్లీమీటర్ల సంగతి ముందే చెప్పాలి.

కొలతలు, మిల్లీమీటర్లలో:

ఇన్‌టేక్: ఉన్నది 0.30. ఉండాల్సింది 0.08 నుంచి 0.13.
ఎగ్జాస్ట్: ఉన్నది 0.28. ఉండాల్సింది 0.13 నుంచి 0.18.

ఇన్‌టేక్ రాకర్ (వాల్వును నొక్కే చిన్న మీట) మీది లాక్ స్క్రూ వేలితోనే తిరిగింది. గ్యాప్ పెరగడానికి కారణం అదే. పుష్‌రాడ్లు (రాకర్లను ఎత్తే కడ్డీలు) రెండూ తీసి అద్దం మీద దొర్లించి చూశాను, వంకర లేదు. తీసిన రాడ్‌ను తీసిన వైపే పెట్టాలి, కలిసిపోకుండా గుర్తు పెట్టుకోండి. ఇన్‌టేక్ 0.10కి, ఎగ్జాస్ట్ 0.15కి పెట్టి, లాక్ స్క్రూలు బిగించి, ఇంజను కొన్ని చుట్లు తిప్పి మళ్లీ కొలిచాను. బిగించేటప్పుడు గ్యాప్ కొంచెం జరుగుతుంది కాబట్టి రెండోసారి కొలవకుండా కవర్ పెట్టొద్దు.

ప్లగ్ పెట్టి తాళం తిప్పితే సెల్ఫ్ ఆగకుండా తిరిగింది. ఈ బండి అమ్మకానికి రావడానికి కారణమైన జబ్బు ఒక ఫీలర్ గేజ్‌తో పోయింది. ఆ సంతోషం వేరు.

ఇంజను మీది ఫ్యాన్ కవర్ కూడా ఈ దశలోనే తీశాను. లోపల ఎలుకలు గడ్డితో గూడు కట్టాయి, సిలిండర్ రెక్కల మధ్య మట్టి గట్టిపడి ఉంది. నల్గొండ ఎండలో గాలి ఆడని ఇంజను హెడ్ గాస్కెట్‌ను ఎక్కువ కాలం నిలుపుకోదు. పుల్లతో, బ్రష్‌తో శుభ్రం చేశాను. నీళ్లు కొట్టలేదు.

ఫీలర్ గేజ్ 250. గాస్కెట్ సీలెంట్ 120.
ఇప్పటిదాకా: రూ. 1,440

దశ 3: పెట్రోలు

సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజను అందుకోవడం లేదు. ప్లగ్‌కు కరెంటు బాగా వస్తోంది, నీలి నిప్పు. కాయిల్‌కు ఫ్లైవీల్‌కు మధ్య సందు 0.30 మిల్లీమీటర్లు, సరైనదే. కొత్త ప్లగ్ గ్యాప్ 0.76కు పెట్టి వేశాను.

కార్బరేటర్ గిన్నె విప్పితే అడుగున నీళ్లు, తెల్లటి పొడి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది. నెలల తరబడి కదలని బండిలో ఆ నీరు అడుగున చేరి అల్యూమినియాన్ని తినేస్తుంది. ఆ ఇథనాల్‌కు తగినవి కాని పాత రబ్బరు పైపులను కూడా అది పాడుచేస్తుంది. మా బండి పైపు లోపలి పొర రేణువులుగా ఊడి ఫిల్టర్‌లో పేరుకుంది.

గిన్నె అడుగున బోల్టులా కనిపించేది ఒక సోలెనాయిడ్. తాళం ఆన్ చేస్తే టిక్ అని పిన్ లోపలికి పోయి పెట్రోలుకు దారి ఇవ్వాలి. 12 వోల్టులు వస్తున్నా పిన్ అంటుకుపోయి కదల్లేదు. కార్బ్ క్లీనర్‌లో నానబెట్టి వేలితో నొక్కుతూ వదులు చేస్తే పనిచేసింది. జెట్లను వైరులోని ఒక్క సన్నటి రాగి పోగుతో, క్లీనర్‌తో కడిగాను. సూది, డ్రిల్ బిట్ వాడితే రంధ్రం పెద్దదవుతుంది. పైపు కొత్తది, లోపలి కొలత 6 మిల్లీమీటర్లు, మధ్యలో ఒక కాక్.

ఇంజను స్టార్ట్ అయింది కానీ వేగం లేస్తూ పడుతూ ఉంది. కార్బరేటర్‌కు ఇంజనుకు మధ్య అతుకు దగ్గర క్లీనర్ కొద్దిగా కొడితే ఆ లేచి పడటం ఒక్క క్షణం ఆగింది. అంటే అక్కడ గాలి పీలుస్తోంది. (ఇంజను చల్లగా ఉండగానే ఈ పరీక్ష చేయాలి, క్లీనర్ మండుతుంది.) చిరిగిన గాస్కెట్‌ను గాస్కెట్ పేపర్ మీద పెట్టి కత్తిరించి కొత్తది వేస్తే ఇంజను నిలకడగా తిరిగింది. ఇప్పుడు పని అయ్యాక కాక్ మూసి, గిన్నె ఖాళీ అయ్యేదాకా ఇంజను తిప్పి ఆపుతున్నాను.

క్లీనర్ 320. పైపు, ఫిల్టర్, కాక్ 260. గాస్కెట్ పేపర్ 80. ప్లగ్ 220.
ఇప్పటిదాకా: రూ. 2,320

దశ 4: బ్లేడ్ స్పిండిల్ బేరింగులు

ప్లగ్ వైరు పీకి, డెక్ కిందికి దింపి బయటికి లాగాం. ఎడమ బ్లేడ్ పట్టుకుని ఊపితే కొస దగ్గర 8 మిల్లీమీటర్లు ఆడుతోంది. కుడివైపు ఆట లేదు కానీ తిప్పితే గరగర. ఒక్కో స్పిండిల్‌లో (బ్లేడ్ తిరిగే ఇరుసు) రెండు చొప్పున నాలుగు బేరింగులు మార్చాలి.

బేరింగ్ మీద నంబరు సగం అరిగి 6203 వరకే కనిపించింది. 6203 అంటే మన మోటర్ల షాపుల్లో అడగ్గానే ఇచ్చే బేరింగ్: లోపలి వ్యాసం 17, బయట 40, మందం 12. షాపుకు పాత బేరింగ్, స్పిండిల్ షాఫ్ట్, వెర్నియర్ మూడూ తీసుకుపోయాను. పాత బేరింగ్ బయట 40, మందం 12, సరే. లోపల మాత్రం 15.88. అంటే అంగుళంలో ఎనిమిదింట ఐదు వంతులు. షాఫ్ట్ అంగుళాల కొలతది, బేరింగ్ బయటి కొలత మిల్లీమీటర్లది. నంబరు చెప్పి బేరింగ్ తెచ్చుకుని ఉంటే హౌసింగ్‌లో బిగుతుగా కూర్చునేది, షాఫ్ట్ మాత్రం ఒక మిల్లీమీటరు పైగా వదులుగా ఉండేది.

లేత్ అన్న ఒక ఉపాయం చెప్పాడు. "గింత గ్యాప్‌కు బుష్ కొట్టి ఇస్త తమ్మీ, ఎందుకు పరేషాన్ అయితవ్?" లెక్క వేసి చూశాం. 17 లోంచి 15.88 తీసేసి సగం చేస్తే బుష్ గోడ మందం 0.56 మిల్లీమీటర్లు. బ్లేడ్ రాయికి తగిలినప్పుడు అంత పలుచటి బుష్ నలిగిపోతుందని అన్నే ఒప్పుకున్నాడు. షాఫ్ట్‌నే 17కు కొత్తది చేద్దామంటే పైన పుల్లీ రంధ్రం, కింద బ్లేడ్ కూర్చునే చోటు రెండూ పాత కొలతవే. ఒకటి మారిస్తే మూడు మార్చాలి.

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో అడిగితే దొరికింది. అడగాల్సిన మాట: "6203, బోరు ఐదు బై ఎనిమిది, రెండువైపులా రబ్బరు సీల్." రేకు సీల్ వద్దు, మన ఎర్ర దుమ్ము లోపలికి పోతుంది.

ఎక్కించేటప్పుడు:

1. పాతవి ఊడగొట్టాక హౌసింగ్ లోపల గోరుతో తడిమి గాట్లు చూడాలి. బేరింగ్ బయటి రింగు తిరిగిన గుర్తు ఉంటే హౌసింగ్ కూడా పోయినట్టే. మావి బాగున్నాయి.
2. కొత్తది ప్రెస్సులో బయటి రింగు మీదే నొక్కించాలి. లోపలి రింగు మీద కొడితే గోలీలు దెబ్బతింటాయి.
3. రెండు బేరింగుల మధ్య ఉండే గొట్టం లాంటి స్పేసర్ మరిచిపోవద్దు. అది లేకుండా నట్ బిగిస్తే బేరింగులు లోపలికి లాగుకుని వేడెక్కుతాయి.

బిగించాక బ్లేడ్ కొస దగ్గర ఆట చేతికి తెలియడం లేదు.

నాలుగు బేరింగులు 1,680. లేత్ షాపులో ఊడదీసి ఎక్కించినందుకు 300.
ఇప్పటిదాకా: రూ. 4,300

దశ 5: బెల్టు

డెక్ బెల్టు పగుళ్లు తేలి ఉంది. అర అంగుళం వెడల్పు, చూడ్డానికి పిండిగిర్నీలకు వేసే ‘ఏ’ (A) సెక్షన్ అనే సైజు బెల్టే. పొడవు విషయంలో జాగ్రత్త: ‘ఏ’ సెక్షన్ నంబరు లోపలి పొడవు అంగుళాల్లో చెబుతుంది, ఈ బండ్ల బెల్టులకు బయటి పొడవు రాస్తారు. తేడా సుమారు రెండు అంగుళాలు. పాత బెల్టు 86 అని ఉంటే ఇక్కడ ఏ-84 అడగాలి.

ఏ-84 వేసి ఖాళీ స్థలంలో పరీక్షించాను. పొడవు సరిపోయింది, మిగతాది సరిపోలేదు. బ్లేడ్ లీవరు ఆపినా బెల్టు పుల్లీని పట్టుకునే ఉంది, బ్లేడ్లు నెమ్మదిగా తిరుగుతూనే ఉన్నాయి. కాసేపటికే కాలిన వాసన, బెల్టు వీపు మీద గుడ్డ పోగులు లేచాయి. పిండిగిర్నీ బెల్టు ఎప్పుడూ బిగుతుగా ఉండి తిరిగేది. ఇక్కడ బెల్టే క్లచ్: వదులైతే జారాలి, బిగిస్తే పట్టాలి, పైగా ఐడ్లర్ (బెల్టును బిగించే చిన్న చక్రం) దాన్ని వీపు మీద నొక్కుతుంది. దానికి లోపల అరామిడ్ అనే గట్టి దారం ఉండి, పైన జారే గుడ్డ చుట్టిన బెల్టే కావాలి. అది తెప్పించి వేశాక లీవరు ఆపగానే బ్లేడ్లు ఆగుతున్నాయి. డబ్బు తక్కువని మొదటిదాన్ని ఎవరూ ఉంచుకోవద్దు, ఆగని బ్లేడ్ కాళ్ల మీదికి వస్తుంది.

మొదటి బెల్టు 380. రెండోది 1,650.
ఇప్పటిదాకా: రూ. 6,330

దశ 6: టైర్లు, డెక్ లెవెల్, తోటలో మొదటి కోత

తుమ్మ ముల్లు దిగిన ముందు టైరుకు ట్యూబ్ వేయించాను. గాలి ముందు 14, వెనక 10 పౌండ్లు. పంక్చర్ షాపులో బైక్ లెక్కన 30 కొట్టేస్తారు, దగ్గర నిలబడి చెప్పాలి. నాలుగు చక్రాల్లో గాలి సరిచేశాకే డెక్ లెవెల్ చూడాలి, లేకపోతే లెవెల్‌కు అర్థం లేదు. ఎడమ కుడి బ్లేడ్ కొసల మధ్య తేడా 3 మిల్లీమీటర్లు దాటకూడదు. ముందు కొస వెనకదానికంటే 6 మిల్లీమీటర్లు కిందికి ఉండాలి.

బ్లేడ్లకు గ్రైండర్‌తో పదును పెట్టి, మధ్య రంధ్రాన్ని గోడ మేకుకు తగిలించి బరువు చూశాను. ఒకవైపు వాలితే ఆ వైపు ఇంకొంచెం అరగదీయాలి. ఇది చేయకపోతే కొత్త బేరింగులు మళ్లీ పోతాయి.

తోటలో అసలు ఇబ్బంది డ్రిప్. 16 మిల్లీమీటర్ల లేటరల్ పైపు బ్లేడ్ గాలికి పైకి లేచి డెక్‌లోకి పోతుంది. పైపులన్నీ మొదళ్ల వరసకు జరిపి, జీఐ తీగతో కొక్కేలు చేసి నేలకు గుచ్చాం. పాదుల్లోకి బండి పోదు, అక్కడ కొడవలే. సాళ్ల మధ్య కోత ఎత్తు 9 సెంటీమీటర్లు పెట్టాం, చెలకలో రాళ్లు ఉంటాయి కాబట్టి అంతకంటే దించలేదు. గరిక, వయ్యారిభామ బాగా తెగాయి. తుంగ తెగుతుంది, కానీ గడ్డలు నేలలోనే ఉంటాయి కనుక మళ్లీ వస్తుంది. గంటకు 4 కిలోమీటర్ల వేగంతో లెక్క కడితే ఎకరానికి గంట, మలుపులు కలిపితే ఇంకొంచెం.

ట్యూబ్, ఫిట్టింగ్ 450.
ఇప్పటిదాకా: రూ. 6,780

దశ 7: ఆయిల్, చార్జింగ్, మిగిలిన పని

ఆయిల్ 1.4 లీటర్లు, 30 నంబర్ సింగిల్ గ్రేడ్. 10డబ్ల్యూ-30 పోస్తే మన ఎండలకు ఆయిల్ ఎక్కువ తాగుతుంది. ఎయిర్ ఫిల్టర్ మీద ఫోమ్ తొడుగు వేసి, ప్రతి కోత తర్వాత దులుపుతున్నాను. ఫుల్ రేజులో బ్యాటరీ మీద 14.1 వోల్టులు, చార్జింగ్ బాగుంది.

ఆయిల్, ఫోమ్ 700.
ఇప్పటిదాకా: రూ. 7,480

మిగిలింది డెక్ రేకు. గడ్డి బయటికి చిమ్మే మూల దగ్గర అరచేయంత తుప్పు రంధ్రం ఉంది. 3 మిల్లీమీటర్ల ప్లేటు కోయించి పెట్టాను, వానలకు ముందే అతికించాలి. అతికించేటప్పుడు బ్యాటరీ కేబుళ్లు రెండూ, రెగ్యులేటర్ కనెక్టరూ పీకేయాలి. వెల్డింగ్ ఎర్త్ క్లాంపును ఛాసిస్‌కు పట్టించకూడదు. డెక్‌కే, అతుకు పక్కనే పట్టించాలి. లేకపోతే ఆ కరెంటు దారిలో ఏ బేరింగు ఉన్నా దాని గోలీల మీద గుంటలు పడతాయి.